డిప్‌సీ కొండ మీద డ్రిల్లు మాస్టారు

గోల్డెన్ గేట్ వంతెన దాటి కాస్త ముందుకు పోతే శాన్‌ఫ్రాన్సిస్కో వెనకబడుతుంది, కొండలు మొదలవుతాయి. అక్కణ్నించి హైవే వన్ పట్టుకుంటే స్టిన్సన్ బీచ్ దాకా ఒకటే మెలికలు. ఒక పక్క కొండ కోత, ఇంకో పక్క లోయ, లోయ అడుగున పసిఫిక్. జూన్‌లో తెల్లవారుజామున బయలుదేరితే ఆ పసిఫిక్ కూడా కనపడదు. సముద్రం మీంచి లేచిన పొగమంచు రోడ్డు మీదికి పాకి కారు లైట్లను అక్కడికక్కడే మింగేస్తుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి కళ్లు తిరగడం ఖాయం.

అలాంటి ఒక శనివారం పొద్దున ఆ మెలికల్లో వరసగా కార్లు పోతున్నాయి. అన్నీ వెళ్తున్నది డబుల్ డిప్‌సీ అనే పరుగు పందేనికి. స్టిన్సన్ బీచ్‌లో మొదలుపెట్టి, టామల్‌పాయిస్ కొండ భుజం మీదుగా అవతలున్న మిల్ వ్యాలీ ఊళ్లోకి దిగి, మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. దూరం సుమారు 22 కిలోమీటర్లు. అంటే హాఫ్ మారథాన్‌కి ఓ కిలోమీటరు ఎక్కువ. అయితే ఈ పందేన్ని కిలోమీటర్లలో చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. రానూపోనూ కలిపి ఎక్కే ఎత్తు 1,370 మీటర్ల దాకా ఉంటుంది. ఫ్లైఓవర్లనే కొండలుగా లెక్కేసుకుని హైదరాబాద్ మారథాన్ చేసి వచ్చిన కాళ్లకి ఇది వేరే లోకం.

ఫ్రీమాంట్ నుంచి వచ్చిన ఒక కారులోంచి నలుగురు దిగారు. నంబరు కాగితం చొక్కాకి పిన్నులతో గుచ్చుకుంటున్న కూతురు, కారు నడిపిన అల్లుడు, నిద్రమొహంతో పదేళ్ల మనవడు, మంకీ క్యాపు పెట్టుకుని అల్లుడి జాకెట్ తొడుక్కున్న పెద్దాయన. ఆయన తెనాలి దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డెబ్బై దాటాయి. వేసవి గడపడానికి అమెరికా వచ్చారు. అక్కడ మృగశిర కార్తెలో కూడా ఎండ మండిపోతుంటే ఇక్కడ జూన్‌లో స్వెట్టర్ వేసుకోవాల్సి రావడం ఆయనకింకా మింగుడు పడలేదు.

“పందెం ఎన్నింటికి?” అన్నారు మాస్టారు.

“ఒక టైమంటూ లేదు నాన్నా. ఒక్కొక్క గుంపునీ ఒక్కొక్కప్పుడు వదుల్తారు.”

“అంటే హీట్సా? ఫైనలు మళ్లీ పెడతారా?”

హీట్సూ లేవు, ఫైనలూ లేదని తెలిశాక మాస్టారికి మొదటి అనుమానం పుట్టింది.

ఈ పందెం పుట్టుక కూడా పందెమే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్ సభ్యులిద్దరు 1904లో పందెం వేసుకున్నారు: మిల్ వ్యాలీ రైల్వేస్టేషన్ నుంచి కొండ దాటి, సముద్రపొడ్డున కొత్తగా కట్టిన డిప్‌సీ ఇన్ అనే సత్రానికి ఎవరు ముందు చేరతారో చూద్దామని. అప్పటికి గోల్డెన్ గేట్ వంతెన లేదు, అది 1937లో వచ్చింది. జనం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పడవలో అఖాతం దాటి, రైలెక్కి మిల్ వ్యాలీలో దిగేవారు. ఆ ఇద్దరి పరుగు క్లబ్‌లో అందరికీ ఎంత నచ్చిందంటే మరుసటేడు, 1905 నవంబర్‌లో, దాన్నే అందరి పందెంగా పెట్టారు. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న కాలిబాట పందేల్లో ఇదే అన్నిటికంటే పాతది. అసలు డిప్‌సీ ఒకవైపు పరుగు, ఏడున్నర మైళ్లలోపు. ఏటా జూన్ రెండో ఆదివారం జరుగుతుంది, 1,500 మందికే చోటు.

ఒకవైపు వెళ్తే చాలదు, తిరిగి కూడా రావాలని తోచినవాడు వాల్ట్ స్టాక్. ఇళ్లు కట్టే చోట ఇటుకలూ సున్నమూ మోసిన కూలీ. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని చన్నీళ్లలో ఈత కొట్టడం, గోల్డెన్ గేట్ వంతెన మీద చొక్కా లేకుండా పరిగెత్తడం ఆయన దినచర్య. డాల్ఫిన్ సౌత్ ఎండ్ రన్నర్స్ అనే క్లబ్‌ను నడిపించిన ఆయన 1970లో ఈ డబుల్ మొదలుపెట్టాడు. 1988లో నైకీ కంపెనీ ‘జస్ట్ డూ ఇట్’ అనే ప్రచారం మొదలుపెట్టినప్పుడు తొలి టీవీ ప్రకటనలో కనిపించింది పేరుమోసిన క్రీడాకారుడు కాదు, 80 ఏళ్ల ఈ వాల్ట్ స్టాకే.

గడియారం దగ్గర మొదటి గుంపు నిలబడింది. అందులో నెరిసిన జుట్టు పెద్దవాళ్లున్నారు, బడి పిల్లలున్నారు. వాళ్లను వదిలారు. కాసేపాగి ఇంకో గుంపు. మళ్లీ కాసేపటికి ఇంకొకటి. గుంపు గుంపుకీ వయసు మారుతోంది, కండ బిగుస్తోంది. పిక్కలు తాళ్లలా పేనుకున్న పాతికేళ్ల కుర్రాళ్లు అందరికంటే వెనక, గుర్రాల్లా కాళ్లు ఆడిస్తూ తమ వంతు కోసం చూస్తున్నారు.

“ఇదెక్కడి న్యాయం! గీత ఒకటే, విజిల్ ఒకటే ఉండాలి. ముందు వదిలినవాడు ముందొస్తే అందులో గొప్పేముంది?” మాస్టారి గొంతు లేచింది. బడిలో విజిల్‌కి ముందే అడుగు కదిపిన పిల్లల్ని చెవి పట్టుకుని వెనక్కి లాగిన మనిషాయన.

అల్లుడు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. “వయసునిబట్టి, ఆడా మగా అన్నదాన్నిబట్టి ముందుగా వదుల్తారు మావయ్యగారూ. పాతికేళ్లవాడు ఏ వేగంతో రాగలడో, డెబ్బై ఏళ్లాయన ఏ వేగంతో రాగలడో లెక్కగట్టి, ఆ తేడా నిమిషాలను పెద్దాయనకి ముందే ఇచ్చేస్తారు. అసలు డిప్‌సీలో గరిష్ఠంగా ఇచ్చేది 25 నిమిషాలు. ఆ తర్వాత ఎవరు ముందు గీత దాటితే వాళ్లే విజేత.”

1905 నాటి మొదటి పందెంలోనే ఈ పద్ధతి ఉంది. గెలిచిన జాన్ హసార్డ్ పది నిమిషాలు ముందు బయలుదేరినవాడే. అప్పట్లో ఎవరి సత్తా ఎంతో చూసి నిమిషాలిచ్చేవారు. తరవాత్తరవాత అది వయసూ, ఆడామగా పట్టికగా స్థిరపడింది. దాని ఫలితాలు వింటే నమ్మబుద్ధి కాదు. 1973లో గెలిచింది మేరీ ఎట్టా బొయిటానో, అప్పటికి పదేళ్ల పిల్ల. 2010 విజేత రైలీ జాన్సన్‌కి ఎనిమిదేళ్లు. సరిగ్గా రెండేళ్లకి, 2012లో, గెలిచిన హాన్స్ ష్మిడ్‌కి 72. గెలిచినవాళ్లు ఏటా గెలుస్తూ పోకుండా ఇంకో కిటుకు కూడా పెట్టారు: ఈమధ్య గెలిచినవాళ్లకి ఆ తర్వాతి పందేల్లో కొన్ని నిమిషాలు కోత పెడతారు.

“అంటే గెలిచినందుకు శిక్షా?” అన్నారు మాస్టారు. 72 అన్న అంకె దగ్గర మాత్రం ఆయన మొహం కాస్త మారింది.

ఈలోపు కూతురి గుంపును వదిలారు. ఆమె పొగమంచులోకి వెళ్లిపోయింది.

బీచి దాటగానే చెట్లుండవు. మూర్స్ అని పిలిచే గడ్డి కొండలు. మోకాలెత్తు గడ్డి, ఎదురుగాలి, వెనక ఎక్కడో సముద్రం హోరు. దారి మనిషి పట్టేంతే ఉంటుంది. తారు రోడ్డు మీద పరిగెత్తే అలవాటున్నవాళ్లకి మొదటి పాఠం ఇక్కడే. రోడ్డు మీద చూపు ఎంత దూరమైనా పోవచ్చు, కాలు తన పని తాను చేసుకుపోతుంది. ఇక్కడ చూపు మూడు నాలుగు అడుగుల ముందే ఆగాలి. గడ్డి కింద గుంత ఉందా, రాయి కదులుతుందా, ఎండిన మట్టి జారుతుందా అని ప్రతి అడుగుకీ తేల్చుకోవాలి. అడుగు చిన్నదైతేనే మేలు. పెద్ద అంగ వేసినవాడి చీలమండ ముందు మెలిక పడుతుంది.

గడ్డి కొండ దాటాక దారి ఒక్కసారిగా ఒక చీకటి లోయలోకి దిగుతుంది. దిగే ముక్కకి ఇన్సల్ట్ అని పేరు. మామూలు డిప్‌సీలో ఇది చివరాఖర్న ఎదురయ్యే ఎక్కుడు. పందెం అయిపోయిందనుకున్నవాణ్ని అవమానించినట్టు నిలబడుతుంది గనక ఆ పేరు. అడుగున వెబ్ క్రీక్ అనే వాగు, దాని మీద చిన్న వంతెన, అవతల స్టీప్ రవీన్ మెట్లు. కొండవాలుకి అడ్డంగా దుంగలు పాతి, వెనక మట్టి నింపి చేసిన మెట్లవి. ఒకటి జానెడుంటే ఇంకొకటి మోకాలి దాకా ఉంటుంది. తడికి నున్నగా మెరుస్తుంటాయి.

ఇక్కడ ఎవరూ పరిగెత్తరు. చేతులు రెండూ తొడల మీద ఆనించి, నడుం వంచి, నెట్టుకుంటూ నడుస్తారు. చూసేవాళ్లకి ఓడిపోయినట్టు కనిపిస్తారు కానీ లెక్క వేరు. వాలు బాగా నిటారుగా ఉన్నప్పుడు అదే వేగానికి పరుగు కంటే నడకకే తక్కువ శక్తి ఖర్చవుతుంది. పరిగెత్తి నాలుగు మెట్లు ముందెక్కినవాడు కొండ కొస దాకా రొప్పుతూ, నడిచినవాడికి దారి ఇస్తూ పోవాల్సి వస్తుంది. కొండ పరుగుల్లో ఆరితేరినవాళ్లు కూడా ఏ మలుపు దగ్గర నడక మొదలుపెట్టాలో ముందే అనుకుని వస్తారు.

మెట్ల పైన అడవి, అడవి పైన మళ్లీ గడ్డి, ఆ గడ్డి చివర కార్డియాక్. 1,360 అడుగుల ఎత్తున, దారి మొత్తానికీ అదే శిఖరం. గుండె సంగతి తేల్చే చోటని పేరులోనే ఉంది. పొగమంచు ఇక్కడికి పైకి రాలేక కిందే ఆగిపోతే, కాళ్ల కింద తెల్లటి దూదిమేట, దాని మీద ఎండ. నీళ్ల బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి వెనక్కి చూసినవాళ్లకి ఆ బహుమతి దక్కుతుంది. అక్కణ్నించి మిల్ వ్యాలీ వైపు దిగుడు.

దిగుతూనే వెలుతురు మారిపోతుంది. ఈ ముక్కని రెయిన్‌ఫారెస్ట్ అంటారు, అంటే వానల అడవి. నిజానికి ఇక్కడ వేసవంతా వాన చుక్క పడదు. కాలిఫోర్నియా వానలన్నీ చలికాలానివే. అయినా జూన్‌లో చెట్ల కింద నేల తడిగా ఉంటుంది, నెత్తి మీద టపటపా చుక్కలు పడుతుంటాయి. తీరం వెంట అడుగు నుంచి పైకి తేలే చల్లటి సముద్రపు నీటి మీదుగా గాలి వచ్చినప్పుడు అందులోని తేమ పొగమంచవుతుంది. ఆ మంచును కోస్ట్ రెడ్‌వుడ్ చెట్ల సన్నటి ఆకులు దువ్వెనలా పట్టి, చుక్కలుగా కూడబెట్టి, వేళ్ల దగ్గరికి రాలుస్తాయి. ఆకులతో కూడా కొంత నేరుగా తాగుతాయి. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తు పెరిగే చెట్టు జాతి ఇదే. వానలేని నెలల్లో దాన్ని నిలబెట్టేది ఈ పొగమంచే.

హాగ్స్‌బ్యాక్, డైనమైట్ అనే వాలులు దిగితే రెడ్‌వుడ్ క్రీక్. కోహో సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఈదుకుంటూ వచ్చి గుడ్లు పెట్టే వాగు. దాని పై దరినే మ్యూర్ వుడ్స్. అక్కడి చెట్లలో ఎక్కువ భాగం 600 నుంచి 800 ఏళ్లవి, ఎత్తయినది 258 అడుగులు. చుట్టుపక్కల కొండల్లో రెడ్‌వుడ్‌లన్నీ రంపాల పాలైతే ఈ లోయలోవి మిగలడానికి కారణం విలియం కెంట్, ఆయన భార్య ఎలిజబెత్. మొదటి డిప్‌సీ జరిగిన 1905లోనే వాళ్లు 611 ఎకరాలు 45,000 డాలర్లకు కొన్నారు. కొన్నాళ్లకి ఓ నీటి కంపెనీ వాగుకి ఆనకట్ట కట్టి లోయను ముంచుదామని కోర్టుకెక్కింది. కెంట్ చప్పుడు చేయకుండా అడవి నడిబొడ్డున 295 ఎకరాలు కేంద్ర ప్రభుత్వానికి దానమిచ్చేశాడు. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. కెంట్ పేరే పెడదామంటే, వద్దని ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ పేరు పెట్టించింది కూడా కెంటే. స్టీప్ రవీన్ లోయ కూడా ఆయన ఇచ్చిన భూమే.

ఇదే కెంట్ కాంగ్రెస్ సభ్యుడిగా ఆసియా నుంచి వలసలను గట్టిగా వ్యతిరేకించాడు. కాలిఫోర్నియాలో ఆసియావాళ్లకి భూమి దక్కకూడదని వాదించినవాళ్లలో ఒకడు. ఆయన కాలంలోనే, 1917లో, అమెరికా చట్టం భారతీయుల వలసకి తలుపు మూసేసింది. 1946లో సందు తీసి ఏడాదికి 100 మందిని రానిచ్చారు. తలుపు బార్లా తెరుచుకుంది 1965 చట్టంతోనే. బే ఏరియాలో ఇవాళ వీధికో తెలుగు కుటుంబం కనిపిస్తోందంటే దాని వెనక ఉన్నది ఆ చట్టం, ఆ తరవాత వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. కెంట్ ఇచ్చిన అడవిలో, ఆయన రానివ్వకూడదనుకున్నవాళ్ల మనవలూ మునిమనవలూ నంబర్లు కట్టుకుని పరిగెత్తుతున్నారు. ఎయిడ్ స్టేషన్ దగ్గర అరటిపండు ముక్క నోట్లో వేసుకుంటూ “ఇంకెంతుందండీ?” అని తెలుగులో అడిగితే ఎవరో ఒకరు పలుకుతారు.

వీళ్లలో చాలామందికి పరుగు బడిలో అబ్బింది కాదు. ముప్ఫై దాటాక, కుర్చీలో నడుం పట్టేశాక మొదలైన యావ. 1991లో బర్కిలీలో పుట్టిన ఆశా ఫర్ ఎడ్యుకేషన్ అనే సేవాసంస్థ భారతదేశంలో బడుల కోసం చందాలు పోగుచేస్తుంది. దాని తరఫున టీమ్ ఆశా అనే బృందం వారాంతాల్లో హాఫ్ మారథాన్‌కీ ఫుల్ మారథాన్‌కీ తర్ఫీదు ఇస్తుంది. శనివారం పొద్దున్నే పార్కుల్లో గుంపులుగా పరిగెత్తే మనవాళ్లలో ఎందరో అక్కడే మొదటి పది కిలోమీటర్లు పూర్తి చేశారు. తారు రోడ్డు విసుగెత్తాక కొండల వైపు తిరుగుతారు. ఫ్రీమాంట్ కూతురు దారి కూడా అదే.

బయలుదేరేముందు ఆమె కాళ్లకి పొడుగు మేజోళ్లు తొడుక్కుంటుంటే మాస్టారు ఎందుకని అడిగారు. దారి పక్కన పాయిజన్ ఓక్ ఉంటుందని చెప్పింది. కాడకి మూడాకులు, వసంతంలో నున్నగా మెరిసే పచ్చ, వేసవి ముదిరేకొద్దీ ఎరుపు. తగిలితే ఒకటి రెండు రోజులకి దురద, బొబ్బలు. పోయేసరికి వారాలు పడుతుంది. ఆకుల్లో ఉరుషియాల్ అనే జిడ్డు రసం ఉంటుంది. బూట్లకీ మేజోళ్లకీ అంటుకుని ఇంటిదాకా వస్తుంది.

“మన నల్లజీడి లాంటిదన్నమాట” అన్నారు మాస్టారు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. మామిడి, జీడిమామిడి, బట్టల మీద చెరగని గుర్తులు పెట్టే నల్లజీడి, కాలిఫోర్నియా పాయిజన్ ఓక్ అన్నీ ఒకే వృక్ష కుటుంబం. మామిడి సొన తగిలిన మూతి పొక్కడం, జీడి పడి చేతులు బొబ్బలెక్కడం, ఈ కొండ మీద పిక్కలు మండటం అన్నిటి వెనకా ఒకే రకం రసాయనాలు. మందు కూడా పాతదే: వీలైనంత త్వరగా సబ్బూ చన్నీళ్లూ.

వాగు దాటాక ఇంకో కొండ. దాని కొస విండీ గ్యాప్. అక్కడ అడవి తెగి, ఇళ్లు మొదలవుతాయి. కార్లు, గేట్లు, గులాబీ పొదలు. ఆ ఇళ్ల సందుల్లోంచి మెట్లు కిందికి దిగుతాయి, మూడు వరసలుగా. మొత్తం 688. అడుగున ఓల్డ్ మిల్ పార్కు. 1830లలో జాన్ రీడ్ అనేవాడు రెడ్‌వుడ్ దుంగలు కోయడానికి ఇక్కడ పెట్టిన రంపపు మిల్లు వల్లే ఊరికి మిల్ వ్యాలీ అన్న పేరొచ్చింది. డబుల్ పరిగెత్తేవాళ్లకి ఇదే సగం. ఒక గుక్క నీళ్లు, ఒక ముక్క పుచ్చకాయ, వెనక్కి తిరగడం. దిగివచ్చిన మెట్లే ఇప్పుడు ఎక్కాలి.

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కిన తెలుగు మోకాళ్లకి 688 ఓ లెక్కా అనిపించవచ్చు. తేడా ఏమిటంటే తిరుమల మెట్లు ఎక్కేవాడి వెనక ఎవరూ తరుముకురారు. ఇక్కడ ఎదురుగా దిగేవాళ్లు, వెనక నుంచి తోసుకొచ్చేవాళ్లు, ఇరుకు మెట్ల మీద రెండు వరసల రాకపోకలు. “ఆన్ యువర్ లెఫ్ట్!” అని కేక వినిపిస్తే కుడికి ఒదగాలి. డబుల్ డిప్‌సీకి ఉన్న ప్రత్యేకత ఇదే: ముందున్నవాళ్ల మొహమూ, వెనకున్నవాళ్ల మొహమూ అందరికీ కనిపిస్తుంది. అందరికంటే వెనక బయలుదేరిన కుర్రాళ్లు ఎక్కడో ఒకచోట అందరినీ దాటుకుంటూ వస్తారు. దారి ఇచ్చే తెల్లజుట్టువాళ్లకి థాంక్స్ చెప్పే ఊపిరి కూడా వాళ్లకి మిగలదు.

ఈ మెట్ల మీద ఆడవాళ్ల చరిత్ర వేరే ఉంది. ఆనాటి క్రీడాసంఘం ఆడవాళ్లని దూరపు పరుగులకి ఒప్పుకునేది కాదు. అందుకని 1918లో ఇదే దారిలో వాళ్లకో పందెం పెట్టి, దానికి ‘హైక్’ అని పేరు తగిలించారు. పేరుకి నడక, చేసింది పరుగు. వందలమంది వచ్చారు. మొదటి ఏడు ఎడిత్ హిక్‌మన్ గెలిచింది. ఇంత శ్రమ ఆడవాళ్ల ఒంటికి మంచిది కాదన్న సణుగుడు మధ్య 1922తో అది ఆగిపోయింది. డిప్‌సీలో ఆడవాళ్లకి అధికారికంగా చోటిచ్చింది 1971లో, బోస్టన్ మారథాన్ కంటే ఒక్క ఏడాది ముందు. ఆ తర్వాత రెండేళ్లకే పదేళ్ల మేరీ ఎట్టా మగవాళ్లందరి కంటే ముందు గీత దాటింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ రావడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది.

తిరుగు దారిలో డైనమైట్ ఎక్కేటప్పుడు మాటలు ఆగిపోతాయి. పొద్దున దిగుతూ పట్టించుకోని వాలు ఇప్పుడు గోడలా కనిపిస్తుంది. ఈ ముక్కలోనే పాత రన్నర్లు కొత్తవాళ్లకి జాక్ కిర్క్ పేరు చెబుతారు. 1906లో పుట్టిన కిర్క్ 1930లో మొదటిసారి డిప్‌సీ పరిగెత్తాడు. 2002 దాకా, జరిగిన ప్రతి డిప్‌సీనీ పూర్తి చేశాడు. ఆర్థిక మాంద్యంలో రెండేళ్లు, రెండో ప్రపంచయుద్ధంలో నాలుగేళ్లు పందెమే జరగలేదు. అవి తీసేస్తే వరసగా 67 పందేలు. చివరిది పూర్తి చేసేనాటికి 95 ఏళ్లు. 1951లో ఒకసారి, మళ్లీ 1967లో 60 ఏళ్ల వయసులో గెలిచాడు. వందేళ్లు నిండాక 2007లో పోయాడు. జనం పెట్టిన పేరు డిప్‌సీ డీమన్, డిప్‌సీ దయ్యం.

దీనికి అవతలి కొస ఇంకో రికార్డు. 1974లో రాన్ ఎలైజా ఒకవైపు దారిని 44 నిమిషాల 49 సెకన్లలో పరిగెత్తాడు. అంత వేగంగా ఇంతవరకు ఎవరూ రాలేదు. డిప్‌సీ గురించి మాట్లాడేవాళ్లు ఎలైజా వేగాన్నీ, కిర్క్ ఏళ్లనీ పక్కపక్కనే చెబుతారు.

కార్డియాక్ రెండోసారి దాటాక మిగిలింది దిగుడే కదా అని రోడ్డు రన్నర్లు సంబరపడతారు. అసలు దెబ్బ అక్కడ ఉంది. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. కండరపు పోగుల్లో సన్నటి చిరుగులు పడేది ఈ రెండో పనిలోనే. పందెం రోజు ఏమీ తెలియదు. మర్నాడూ ఆ మర్నాడూ కుర్చీలోంచి లేవడానికి చేతుల సాయం కావాలి, మెట్లు వెనక్కి తిరిగి దిగాలి. దీనికి విరుగుడు కూడా దిగడమే. పందేనికి కొన్ని వారాల ముందు ఒకసారి బాగా దిగుడు పరుగు చేసిన కాళ్లకి రెండోసారి నొప్పి చాలా తగ్గుతుంది. కండరం ఒక దెబ్బను చాలాకాలం గుర్తుపెట్టుకుని తయారై ఉంటుంది. కూతురు అందుకే మిషన్ పీక్ మీద కొన్ని ఆదివారాలు పైకి నడిచి, కిందికి పరిగెత్తింది.

స్టీప్ రవీన్ మెట్లు ఈసారి దిగుతూ ఆమె ఒక్కో దుంగనీ చూసుకుని కాలు వేసింది. వెనక నుంచి వచ్చిన ఇద్దరు మెట్లు తప్పించి పక్క వాలు మీంచి జారుతూ దూకుతూ పోయారు. వాళ్లు కిందికెళ్లాక వాగు చప్పుడు మళ్లీ వినపడింది. ఇన్సల్ట్ ఎక్కుడు ఇప్పుడు అసలు వరసలో వచ్చింది. చిన్నదే, నూరు అంగల్లో అయిపోతుంది, కానీ ఇరవై కిలోమీటర్ల తరవాత వచ్చే చిన్నది. అది దాటితే మంచు విడిపోయిన గడ్డి కొండ, కింద నీలంగా సముద్రం, బీచి మీద రంగురంగుల గొడుగులు.

గీత దగ్గర మాస్టారు మంకీ క్యాపు తీసేసి ఉన్నారు. రెండు గంటలపైగా ఆయన అక్కణ్నించి కదల్లేదు. ముందొచ్చినవాళ్లందరినీ చూశారు. ఒక తెల్లజుట్టు మనిషి, ఆయన వెనకే బనీనంతా తడిసిన ఓ పాతికేళ్ల కుర్రాడు, ఇద్దరి మధ్యా రెండు బారల దూరం, ఇద్దరూ ప్రాణం పెట్టి పరిగెత్తుతూ రావడం చూశారు. డ్రిల్లు మాస్టార్లకి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. వందమందిని ఒకే గీత మీంచి వదిలితే మొదటి ఐదుగురికే పోటీ, మిగతా తొంభై ఐదుగురూ ఎప్పుడైపోతుందా అని పరిగెత్తుతారు. ఇక్కడ చివరి వంద గజాల్లో ఎవరూ తేలిగ్గా రావడం లేదు.

కూతురు గీత దాటి, వంగి, మోకాళ్లు పట్టుకుని నిలబడింది. మనవడు నీళ్ల సీసా ఇచ్చాడు. అల్లుడు సబ్బు, తువ్వాలు పట్టుకుని బీచి షవర్ల వైపు చూపించాడు, పాయిజన్ ఓక్ కడుక్కోమని. ఫలితాల పట్టికలో ఒక్కొక్కరికీ రెండు టైములున్నాయి: గడియారం ప్రకారం ఎప్పుడొచ్చిందీ ఒకటి, తన కాళ్ల మీద ఎంతసేపు పట్టిందీ ఒకటి. మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని రెండూ పోల్చారు, వేలు పెట్టి వయసుల వరస కిందికి జరిపారు.

“గెలిచినవాడికి మళ్లీ ఏడు కోత పెట్టడం మాత్రం అన్యాయం” అన్నారు ముందుగా. కాసేపాగి, “సరే గానీ బాబూ, డెబ్బై మూడుకి ఎన్ని నిమిషాలిస్తారట?”

“తాతయ్యా, నేను పదేళ్లవాణ్ని. నాక్కూడా ఇస్తారు” అన్నాడు మనవడు.

అల్లుడు పట్టిక వెతుకుదామని ఫోన్ తీశాడు. స్టిన్సన్ బీచ్‌లో సిగ్నల్ లేదు. మాస్టారు జాకెట్ విప్పి మనవడి చేతికిచ్చి, నిర్వాహకుల బల్ల వైపు నడిచారు.